మెందోసా పెద్దాయన

పెద్దాయన పోయారని ఆయన కూతురు పంపిన మెసేజ్ వచ్చేసరికి నేను క్లినిక్‌లో ఒక పఠాన్ డ్రైవర్ కాలి పుండుకి కట్టు కడుతున్నాను. బల్ల మీద ఫోన్ వెలిగింది. "నాన్న ఇక లేరు. మీకు చెప్పాలనిపించింది." అంతే ఉంది. నేను కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, తరవాతి మనిషిని పిలిచాను.

ఆ కరోనా వార్డు రోజుల తరవాత చావు కబురు వింటే నాలో ఏదీ వెంటనే కదలదు. ముందు చేతిలో పని అయిపోవాలి. తరవాత ఎప్పుడో, బట్టలు ఆరేస్తున్నప్పుడో, గదికెళ్ళే బస్సులోనో, ఆ మనిషి వచ్చి పక్కన కూర్చుంటారు. పెద్దాయన మాత్రం పక్కన కూర్చోలేదు. ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశారు.

కారెక్కితే ఆయన దారి వంక చూసేవారు కాదు. వెనకున్న వాళ్ళ ముఖాలే చూసేవారు. తుంటికి ఆపరేషన్ అయిన మనిషి అలా మెలితిరిగి కూర్చోకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి డ్రైవర్ చేత అద్దం పక్కన ఇంకో చిన్న అద్దం పెట్టించాను. అందులో నా ముఖం కనిపిస్తుంటే అప్పుడు ముందుకి తిరిగి కూర్చున్నారు.

ఆయనది అర్జెంటీనా. మెందోసా అనే ఊరు. ద్రాక్షతోటలకీ వైన్‌కీ పేరున్న ఊరట. ఊరి వెనకే మంచుకొండలు. అవన్నీ చూడటానికి వచ్చిన టూరిస్టులని పొద్దున్నే హోటళ్ళ దగ్గర వ్యాన్ ఎక్కించుకుని, చుట్టుపక్కల తోటలూ ఆనకట్టలూ కొండలూ చూపించి, సాయంత్రానికి తెచ్చి దింపడం ఆయన పని. వయసొచ్చిన దగ్గర్నించీ అదే. బండి నడపడానికి వేరే మనిషి ఉండేవాడు. ఈయన ఆ మనిషి పక్కన, వెనక్కి తిరిగి కూర్చుని, మైకు పట్టుకుని మాట్లాడటం.

"ఆ కొండల్ని నా అంతగా ఎవరూ చూసి ఉండరని అందరూ అనుకుంటారు," అన్నారొకసారి. "నేను చూసింది ముఖాలు. కొండ వచ్చిందని వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకునేవాణ్ణి."

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది మాటలు వినడానికి కాదు. మాటలు పడక వెళ్ళాను. మాది గోదావరి జిల్లా. నర్సుగా ఈ గల్ఫ్ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. రెండువేల ఇరవైలో నన్ను వేసిన వార్డులో మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయేవారు. కొందరు నా చేతికి ఫోన్ ఇచ్చి, ఇంటికి ఏం చెప్పాలో చెప్పి పోయారు. కాంట్రాక్టు ముగియగానే ఇళ్ళకు నర్సులని పంపే ఏజెన్సీలో చేరి, ఒక్కటే అడిగాను. ఎంత కష్టమైన పేషెంటైనా పర్వాలేదు, కాస్త మాట తక్కువున్న మనిషైతే చాలు అని. వాళ్ళు ఫుజైరా పంపారు.

ఫుజైరాలో ఓడలకు ఆయిలు నింపే కంపెనీ ఒకదాంట్లో ఆయన కూతురు ఆఫీసు ఉద్యోగం చేసేది. నలభై దాటి ఉంటుంది, ఒంటరి మనిషి. ఆమె ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే సముద్రం మీద ఆయిలు కోసం ఆగిన ఓడలు, కదలకుండా, రోజుల తరబడి అక్కడే కనిపించేవి. భార్య పోయాక పెద్దాయన కూతుర్ని చూద్దామని కొన్ని వారాలకని వచ్చారు. వచ్చిన కొత్తల్లోనే విమానాలు ఆగిపోయాయి. ఆ తరవాత బాత్రూంలో జారి పడ్డారు. తుంటి విరిగింది.

మొదటి రోజు ఆ కూతురు ఆఫీసుకి వెళ్తూ, గుమ్మం దగ్గర చెప్పుల పట్టీ పెట్టుకుంటూ నాతో అంది. "మీకేం ఇబ్బంది ఉండదు. ఆయన పెద్దగా మాట్లాడరు."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెతో ఆయన నిజంగానే మాట్లాడేవారు కాదు.

తలుపు మూసుకోగానే మొదలుపెట్టారు. నేను ఎక్కణ్ణించి వచ్చాను, మా ఊరికి దగ్గర ఊరేది, ఆ ఊళ్ళో మొదటిసారి వచ్చినవాళ్ళకి ఏం చూపిస్తారు అని అడిగారు. మా ఊళ్ళో చూడటానికేం లేదన్నాను. అలా ఉండదు, ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంటుంది, కాకపోతే ఆ ఊరివాళ్ళకి తెలీదు అన్నారు. గైడు పనిలో నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. తప్పులున్నా ఆగేది కాదు. ఆలోచించి, కాలవ గట్టు మీద రేవు, మా చర్చి గంట చెప్పాను. "చూశారా, పొద్దున్న పూట టూరు తయారైంది," అన్నారు.

డాక్టరు రోజూ నడిపించమన్నారు. వాకర్ పట్టుకుని హాల్లోంచి కారిడార్ చివర లిఫ్ట్ దాకా వెళ్ళి రావాలి. "ఎక్కడికి?" అని అడిగారు. ఎక్కడికీ లేదు, ఊరికే వెళ్ళి రావడమే అన్నాను. ఎక్కడికీ కాకుండా నడవడం తన వల్ల కాదని కుర్చీలోనే కూర్చున్నారు. మళ్ళీ తనే, సరే అయితే మా ఊరి మెయిన్ రోడ్డు మీదికి వెళదాం రండి అన్నారు. లేచే ముందు వేలు ఎత్తి అడిగారు. "నీళ్ళు? టోపీ? బాత్రూం?" జీవితమంతా వ్యాన్ కదిలే ముందు అడిగిన మాటలవి. నేను ఆ గదిలోంచి మందుల కోసం వంటింట్లోకి వెళ్తున్నా అడిగేవారు.

అలా వాకర్‌తో ఆయన నడుస్తుంటే, నేను పక్కన చెయ్యి అడ్డం పెట్టి నడుస్తుంటే, ఆ ఊరు వినేదాన్ని. పూర్వం ఎప్పుడో పెద్ద భూకంపం వచ్చి ఊరంతా నేలమట్టమైందట. మళ్ళీ కట్టుకునేటప్పుడు, ఈసారి కంపిస్తే పరుగెత్తి నిలబడటానికి చోటుండాలని వెడల్పు వీధులు వేసుకున్నారు. ఊరి మధ్యలో ఒక పెద్ద మైదానం, దాని నాలుగు మూలలకీ నాలుగు చిన్న మైదానాలు ఉంచుకున్నారు. టూరిస్టులు వచ్చి ఎంత అందమైన ఊరో అంటారు. "భయపడ్డవాళ్ళు కట్టుకున్న ఊరు సెన్యోరా," అనేవారు. నన్ను అలాగే పిలిచేవారు, అమ్మగారూ అన్నట్టు.

వైన్ మాత్రం ఆయన తాగేవారు కాదు. ఆ వాసనంటేనే విసుగు. తోటలకి తీసుకెళ్ళిన ప్రతిచోటా అదే పీపాల గది, అవే మాటలు, అదే గ్లాసు తిప్పడం. అందుకని జనాన్ని లోపలికి పంపేసి, బయట చెట్టు కింద డ్రైవర్లతో కూర్చునేవారట. తోటల పేర్లు అడిగితే తడుముకునేవారు గానీ ప్రతి తోటలో ఉన్న కుక్క పేరూ చెప్పేవారు. కుంటి కుక్క ఉన్న తోట, తోక లేని కుక్క ఉన్న తోట, టూరిస్టుల టోపీలు ఎత్తుకుపోయే కుక్క ఉన్న తోట. ప్రపంచమంతా ఆ ద్రాక్షసారా కోసం వస్తుంటే ఈయనకి కుక్కలు గుర్తుండిపోయాయి. ఆయన తాగేదల్లా ఒక రకం ఆకుల కషాయం. చిన్న సొరకాయ బుర్రలో పోసుకుని ఇనప గొట్టంతో పీల్చేవారు. ఆ ఆకు ఇక్కడ దొరకదేమో అని కూతురు దిగులుపడితే, కింద సిరియా వాళ్ళ కొట్లోనే దొరికింది. వాళ్ళూ అదే తాగుతారట.

నాకు మొదట్లో తల నొప్పి వచ్చేది. మాట లేని చోటు కావాలని వస్తే రోజంతా మైకు పెట్టినట్టుండేది. ఒకరోజు అడిగేశాను, సార్, ఈ ఒక్క పూట మాట్లాడకుండా ఉండగలరా అని. ఆయనకి కోపం రాలేదు. సరే అని తల ఊపి కిటికీలోంచి ఓడల వంక చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి, నా వంక తిరక్కుండానే అన్నారు.

"నా గొంతంటే నాకూ విసుగే. ఆఖరి మనిషి వ్యాన్ దిగేదాకా నవ్వుతూ మాట్లాడేవాణ్ణి. ఇంటికి వచ్చేసరికి నాలో ఒక్క మాట కూడా ఉండేది కాదు. మా ఆవిడా, పిల్లా భోజనం దగ్గర అడిగేవాళ్ళు, ఇవాళ ఎవరొచ్చారు, ఏం చూపించావు అని. తింటూ తల ఊపేవాణ్ణి."

నేను బీపీ చూసే పట్టీ చుడుతున్నాను. చేతులు ఆగిపోయాయి. రోజూ సాయంత్రం గదికి వెళ్ళాక మా ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. మా ఆయనా, అత్తగారూ, ఇంటర్ చదివే మా అమ్మాయీ వంతులవారీగా మాట్లాడతారు. నేను ఆఁ, ఊఁ అంటాను. పేషెంట్ల దగ్గర రోజంతా నవ్విన ముఖం అప్పుడు తీసి పక్కన పెడతాను. మా అమ్మాయి ఒకసారి అడిగింది, అమ్మా లైన్‌లో ఉన్నావా అని. పెద్దాయన ఆ మాట చెప్పిన రోజు నుంచీ నేను ఆయన్ని మాట్లాడొద్దని అనలేదు.

ఆయన కర్ర మీదికి వచ్చాక, రోడ్లు తెరిచాక, కూతురు శుక్రవారాలు బయటికి తిప్పే ఏర్పాటు చేసింది. ఆమె కంపెనీలో డ్రైవర్‌గా ఉన్న జగిత్యాల అబ్బాయి ఎత్తు సీట్ల బండి ఒకటి తెచ్చేవాడు. తనకి సెలవు రోజే అయినా వచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు, ఆయన్ని తాతా అనేవాడు. తాత అంటే ఏమిటో నేను చెబితే పెద్దాయన అది తనకు తగిన పేరేనన్నారు.

ఫుజైరా చుట్టూ ఏముంది, ఎర్ర నల్ల రాతి కొండలు, వాటి మధ్య ఎండిన వాగులు, అక్కడక్కడా ఖర్జూర తోటలు. ఆయన ఏ చోటుకి వెళ్ళినా ముందు దృశ్యం చూసేవారు కాదు. నీడ ఎక్కడుంది, బాత్రూం ఎక్కడుంది, ముసలమ్మలు కూర్చోవడానికి గట్టు ఉందా, ఇవి చూసేవారు. అవి బాగుంటేనే ఆ చోటు బాగున్నట్టు. అందంగా ఉంది అన్న మాట ఆయన నోట ముందుగా వచ్చేది కాదు. మనం అనేస్తే వాళ్ళకి అనడానికి ఏం మిగలదు అనేవారు.

ఒకసారి ఒక డ్యామ్ దగ్గర డ్రైవర్ నాతో మొరపెట్టుకున్నాడు. "అక్కా, గీ తాత నన్ను మంచిగ బండి ఆపనిస్తలేడు. నీళ్ళు మంచిగ కనబడేకాడ ఆపుతే, ఇంకింత ఎనకకు ఆపు అంటుండు." ఎందుకని అడిగితే పెద్దాయన వివరించారు. సరిగ్గా ఎదురుగా ఆపితే జనం కిటికీలోంచి ఫోటో తీసుకుని కూర్చుంటారు. కాస్త ముందే ఆపితే దిగి నడుస్తారు. నడిచి చూసింది తామే కనిపెట్టామనుకుంటారు. డ్రైవర్ ఆ మాట విన్నాక ప్రతిచోటా వంద గజాల ముందే ఆపడం మొదలుపెట్టాడు. ఒకసారి సూపర్ మార్కెట్‌కి కూడా.

బిత్నా అనే పల్లె దగ్గర ఖర్జూర తోటల్లో పాతకాలపు సన్న కాలవలు ఉన్నాయి. మొదటిసారి అవి చూసినప్పుడు పెద్దాయన కర్ర నాకిచ్చి, గట్టు పట్టుకుని వంగి, వేళ్ళు నీళ్ళలో పెట్టారు. వంగకూడదని చెప్పాల్సింది నేను. చెప్పలేకపోయాను. తమ ఊళ్ళో ప్రతి వీధికీ రెండు వైపులా ఇలాంటి కాలవేనట, దాని వల్లే చెట్లు. కొండల మీద కరిగిన మంచు ఇంటి గుమ్మం ముందు నుంచి పోతుంది. కొత్తవాళ్ళు తలెత్తి చెట్లు చూస్తూ నడిచి అందులో పడతారు. అలా ఎంతమందిని పైకి లాగారో చెప్పి నవ్వారు.

కూతురు ఎప్పుడూ మాతో రాలేదు. వారమంతా ఆఫీసు, సెలవు రోజు నిద్ర. ఒక శుక్రవారం ఉదయం నేను వెళ్ళేసరికి ఆమె వంటింట్లో కాఫీ పెట్టుకుంటోంది. నాకూ ఒక కప్పు ఇచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ అంది. చిన్నప్పుడు ప్రతి ఆదివారం తననీ తీసుకెళ్ళమని నాన్నని అడిగేదట. ముఖ్యంగా ఆ పెద్ద కొండ దగ్గరికి, అకోంకాగ్వా దగ్గరికి. ఆదివారాలు వ్యాన్ నిండిపోయేది. చోటు లేదనేవారు. పెద్దయ్యాక తనే వెళ్ళొచ్చు కదా అన్నాను. "ఎందుకో పౌరుషం," అంది. "ఆ కొండ చూడకుండానే దేశం దాటి వచ్చేశాను. సెలవు రోజు పొద్దున్నే పడుకుని ఉంటే, తలుపవతల ఆయన మీకు చెప్పేవన్నీ నాకు వినిపిస్తూనే ఉంటాయి. నాకు ఒక్కటీ చెప్పలేదు."

వాళ్ళ దేశ పౌరులను తీసుకెళ్ళే విమానాలు మొదలయ్యాయి. ఆయనకి టికెట్ తీశారు, ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ ఏర్పాటు చేశారు. ఒక్కరే వెళ్ళాలి. వెళ్ళే ముందు చివరి శుక్రవారం ఆమె కూడా బండెక్కింది. నా పక్కన కూర్చుంది. ఆ రోజు చిన్న అద్దంలో ఇద్దరి ముఖాలు కనిపిస్తున్నాయి కాబోలు, పెద్దాయన అద్దం వదిలి దారి వంకే చూశారు. మసాఫీ సంత చూశాం, పళ్ళు కొన్నాం. ఆమె ఫోన్ చూసుకుంది. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. రోజంతా మాట్లాడే మనిషి, వెనక సీట్లో కూతురు ఉంటే అలా అయిపోవడం నాకు చూడబుద్ధి కాలేదు.

తిరుగు దారిలో, కొండల మధ్య రోడ్డు పక్కన ఒక లేబర్ బస్సు ఆగి ఉంది. ముందు భాగం తెరిచి ఉంది, పొగలు వస్తున్నాయి. మనుషులు ఎండలోనే బస్సు చుట్టూ నిలబడి ఉన్నారు. డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. "మనోళ్ళే అక్కా. క్వారీల పనిచేస్తరు. ఆగుదామా?" అన్నాడు. నేను కూతురి వంక చూశాను. ఆమె ఏదో అనేలోపే పెద్దాయన తలుపు తీస్తున్నారు.

వాళ్ళు సెలవు రోజు బజారుకి బయలుదేరినవాళ్ళు. ఎక్కువమంది కరీంనగర్, సిరిసిల్ల వైపు వాళ్ళు, ఇద్దరు ముగ్గురు బిహారీలు. వేరే బస్సు పంపిస్తామన్నారట, ఎప్పుడొస్తుందో తెలీదు. బండి చెడినందుకు ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు. పెద్దాయన కర్ర ఆనించుకుంటూ నడిచి వెళ్ళి, ఒకసారి చుట్టూ చూసి, కొండని తవ్వి రోడ్డు వేసిన చోట పడుతున్న నీడ చూపించారు. అందర్నీ రోడ్డు మీంచి అక్కడికి రమ్మన్నారు. మా బండిలో ఉన్న నీళ్ళూ, కొన్న పళ్ళూ తెప్పించి పంచారు. నా పక్కకి వచ్చినప్పుడు మెల్లగా చెప్పారు, బండి నడుస్తున్నప్పుడు గైడు ఎవరికీ అక్కర్లేదు, ఇప్పుడే పని అని.

తరవాత ఒక రాయికి ఆనుకుని నిలబడి, ఒకసారి తన బండి కూడా ఇలాగే ఆగిపోయిందని మొదలుపెట్టారు. మా డ్రైవర్ పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాడు. "ఈ తాతోళ్ళ దేశంల గుట్టల మీద మంచు పడ్తదట, మనకాడ వాన పడ్డట్టు. బస్సు గా మంచుల ఇరుక్కపోయిందట." బిహారీల కోసం మళ్ళీ హిందీలో చెప్పేవాడు.

పుట్టి మంచు చూడని బ్రెజిల్ వాళ్ళు, మంచు చూద్దామని చలికాలంలో వస్తారట. ఆ రోజు పెద్ద కొండ చూపించి తిరిగి వస్తుంటే దారి మూసుకుపోయింది. ముందు అందరూ పాటలు పాడారు, ఫోటోలు తీసుకున్నారు. పొద్దు వాలేసరికి పాటలు ఆగిపోయాయి. సరిహద్దు వైపు నుంచి ఒక ట్రక్కు నెమ్మదిగా దారి చేసుకుంటూ వచ్చింది. డ్రైవర్ పక్కన ఒక్క మనిషికి చోటుంది. ఆ ట్రక్కు మనిషి పెద్దాయనకి తెలిసినవాడే. నువ్వు రా, నీకు ఇవాళ ఇంట్లో పని ఉంది కదా అన్నాడట.

"ఆ రోజు మా అమ్మాయికి పదిహేనేళ్ళు నిండాయి," అన్నారు పెద్దాయన.

ఆ దేశంలో ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే పెళ్ళంత వేడుక చేస్తారనీ, అందులో మొదటి నాట్యం తండ్రి కూతురితో చెయ్యాలనీ ఆయన చెబితే, డ్రైవర్ మన వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాడు. "మన ఓణీల ఫంక్షన్ లెక్కనట. అండ్ల ముందుగాల తండ్రి, బిడ్డ కలిసి ఆడాల్నట." నాట్యం రాని మనిషి కాబట్టి, కొన్ని వారాలుగా జనం వైన్ రుచి చూస్తున్నంతసేపూ బయట చెట్టు కింద డ్రైవర్ల మధ్య అడుగులు నేర్చుకున్నారట. వాళ్ళు నవ్వేవారట. పాలిష్ చేసిన బూట్లు పేపర్లో చుట్టి ఆ రోజు సీటు కిందే పెట్టుకున్నారు. ట్రక్కు ఎక్కుదామని ఆ పొట్లం తీసుకున్నారు కూడా. వ్యాన్‌లో ఒంటరిగా వచ్చిన ఒక అమ్మాయి ఏడుస్తోంది. జబ్బేం లేదు. భయం. ఆ అమ్మాయిని ట్రక్కు ఎక్కించి ఆయన వ్యాన్‌లో ఉండిపోయారు.

ఇదంతా ఆయన నవ్విస్తూనే చెప్పారు, అలవాటైన గైడు గొంతుతో. బూట్ల సంగతి దగ్గర అందరూ నవ్వారు. ఒకాయన, తెల్ల గడ్డం ఆయన, అడిగాడు. "మరి బిడ్డతోని ఎవరాడిండ్రట?"

"మా బావమరిది," అన్నారు పెద్దాయన.

అప్పుడు కూతురు మాట్లాడింది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ తమ భాషలోనే మాట్లాడుకునేవారు, ఉప్పు అందించమనీ, తలుపు వెయ్యమనీ. ఆ రోజు ఇంగ్లీషులో, మా అందరి ముందూ అడిగింది. తమ భాషలో ఆ మాట అడగలేకపోయిందేమో.

"ఆ అమ్మాయి ఎవరు?"

"తెలీదు. బ్రెజిల్ నుంచి వచ్చింది. ఏడుస్తూ ఉంది."

"నేనూ ఏడ్చాను," అంది.

పెద్దాయన చేతిలో కర్రని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకున్నారు. గైడు గొంతు పోయింది. "తెలుసు. మీ అమ్మ చెప్పింది," అన్నారు. "చెప్పకపోయినా తెలుసు."

డ్రైవర్ చెప్పడం మానేశాడు. తెల్ల గడ్డం ఆయన అతని మోచెయ్యి తట్టి అడిగాడు, ఏమన్నదిరా ఆమె అని. "ఏం లేదే," అన్నాడు డ్రైవర్. "ఆళ్ళింటి ముచ్చట."

ఇంకాసేపటికి వేరే బస్సు వచ్చింది. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని, సలాం చెప్పి ఎక్కారు. మేమూ బయలుదేరాం.

ఆయన్ని పడుకోబెట్టి వచ్చాక ఆమె వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. కొన్న పళ్ళన్నీ పంచేశాం, సంచీ ఖాళీగా ఉంది. దారి మూసుకుపోయిందని మాత్రమే తనకి చెప్పారట. మర్నాడు మధ్యాహ్నం వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా పడుకున్నారు. ఆ మర్నాడు మళ్ళీ టూరిస్టులతో వెళ్ళిపోయారు. బూట్ల సంగతి ఎవరూ చెప్పలేదు, ట్రక్కులో చోటు సంగతి కూడా.

"ఇన్నేళ్ళూ ఆయన రాలేకపోయారనుకున్నాను," అంది. "రాగలిగి కూడా రాలేదన్నమాట. అయినా కోపం రావట్లేదండీ. ఉత్త అలసటగా ఉంది."

ఆమెకి కాస్త పాలు వేడి చేసి ఇచ్చాను. ఆ వారమే ఆఫీసులో సెలవు అడిగి, ఆ టికెట్ మార్పించి, రెండు టికెట్లు తీసుకుంది.

బయలుదేరే రోజు పెద్దాయన టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నారు. నేను మందుల డబ్బా ఎలా వాడాలో కూతురికి మళ్ళీ చెబుతుంటే విన్నారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. "సెన్యోరా, సాయంత్రానికి కొన్ని మాటలు మిగుల్చుకోండి," అన్నారు. లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నప్పుడు కూడా ఆయన నా వైపే చూస్తున్నారు. కూతురు ఆయన చెయ్యి కింద తన చెయ్యి ఉంచింది.

కొన్ని వారాల తరవాత ఆమె ఒక్కతే తిరిగి వచ్చింది. పెద్దాయన్ని తన మేనత్త కొడుకు ఇంటి దగ్గర ఉంచి, చూసుకోవడానికి మనిషిని పెట్టి వచ్చింది. నేను అప్పటికి ఈ క్లినిక్‌లో చేరాను. డ్యూటీ అయ్యాక రమ్మంటే వెళ్ళాను. మెందోసా ఎండుద్రాక్ష ఒక పొట్లం, వాల్‌నట్లు ఒక పొట్లం నా కోసం తెచ్చింది. సన్నబడింది. కొండ దగ్గరికి వెళ్ళారా అని నేను అడగలేదు. తనే చెప్పింది.

అందరి లాగే టూరిస్టు బస్సులో రెండు సీట్లు తీసుకున్నారట. గైడు చిన్నవాడు, కొత్తగా చేరినవాడు. తాను ఎవరో పెద్దాయన అతనికి చెప్పలేదు, కూతుర్నీ చెప్పనివ్వలేదు. కిటికీ దగ్గర కూర్చున్నారు. ఊరు దాటాక, ఆనకట్ట దాటాక, ఆ కుర్రవాడు మైకులో చెప్పేది శ్రద్ధగా విన్నారు. బాగానే చెబుతున్నాడు అన్నారు. కొండలు ఎత్తవుతున్నకొద్దీ ఆయన తల కూతురి భుజం మీదికి వాలింది. నిద్రపోయారు.

పెద్ద కొండ కనిపించే చోట బస్సు ఆగింది. అందరూ కోట్లు వేసుకుని దిగారు. గైడు కుర్రవాడు లోపలికి వచ్చి, తాతగారిని లేపమంటారా, దిగి చూడటానికి కాసేపే టైముంది అని మెల్లగా అడిగాడు. కొండ అవతలి వైపు ఉంది, లేచి ఆ కిటికీల దగ్గర వంగి చూస్తేనే కనిపిస్తుంది. కదిలితే ఆయన లేస్తారు. వద్దులెండి అంది ఆమె. బయట జనం ఫోటోలు తీసుకుంటున్న చప్పుడు, గాలి చప్పుడు వినిపిస్తున్నాయి. ఆమె భుజం కదపకుండా అలాగే కూర్చుంది. జనం ఎక్కారు, బస్సు వెనక్కి తిరిగింది.

"మరి మీరు చూడనే లేదా?" అన్నాను.

"లేదు," అంది.

చాలా దూరం కిందికి వచ్చాక పెద్దాయన కళ్ళు తెరిచి, ఎక్కడున్నామో తెలియక చుట్టూ చూశారట.

"కొండ వచ్చిందా?" అని అడిగారట.

"వచ్చింది."

"బాగుందా?"

"చాలా బాగుంది నాన్నా," అన్నానని చెప్పింది.